అమ్మ చేతికి తెలిసింది నా థీసిస్‌లో లేదు

ఉత్తరం రాసినావిడ వయసు 31. హైదరాబాదులో తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నారు, అయిదో ఏడు నడుస్తోంది. కాలం గడిచినా మనిషి అదే మనిషిగా ఉండడం అంటే ఏమిటన్నది ఆవిడ పరిశోధన విషయం. పదేళ్ళ కిందటి నేనూ ఇవాళ్టి నేనూ ఒకరేనని దేన్ని బట్టి అంటాం? దేహాన్ని బట్టా, జ్ఞాపకాలను బట్టా, ఆత్మను బట్టా?

తండ్రి ఈవిడ చిన్నప్పుడే పోయారు. తల్లి గుంటూరు దగ్గర సొంతింట్లో పచ్చళ్ళు పెట్టి, అమ్మి, ఇద్దరు పిల్లల్నీ చదివించారు. కిందటి కార్తీకంలో ఆ తల్లికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట నెమ్మదించింది గానీ పోలేదు. తెలివీ జ్ఞాపకం ఎప్పటిలాగే ఉన్నాయి. అన్నయ్యది బెంగళూరులో ఉద్యోగం. అందుకని ఈవిడే యూనివర్సిటీలో సెలవు పెట్టి ఇంటికొచ్చారు.

‘‘ఆవకాయ రోజులు వచ్చేస్తున్నాయి. ఏటా తీసుకునేవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంది, నేను కలుపుతాను. ఉప్పెంత అంటే చూసి వెయ్యి అంటుంది. ఏం చూడాలో చెప్పలేకపోతోంది. కలిపాక చూసి, అది కాదు అంటుంది. ఏది కాదో చెప్పలేకపోతోంది. మొన్న ఏడ్చేసింది. చెయ్యి ఉంటే తెలిసేది, ఇప్పుడు నాకే తెలియడం లేదు అంది. ‘నేను’ అంటే ఏమిటని అయిదేళ్ళుగా చదువుతున్నదాన్ని, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు’’ అని రాశారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘మాయాబజార్’లో మాయా శశిరేఖ అసలు ఎవరు అన్న ప్రశ్న మీద ఈవిడ తెలుగులో ఒక వ్యాసం రాశారు. చాలామంది చదివారు, మెచ్చుకున్నారు. గైడ్ మాత్రం, ‘‘ఇలాంటివి రాయడానికి వేరేవాళ్ళున్నారు. నువ్వు మెటాఫిజిక్స్ (ఉనికి, ‘నేను’ లాంటి మూల ప్రశ్నల తత్వం) చెయ్యడానికి వచ్చావు’’ అన్నారట. అన్నయ్య మాట ఇంకా గట్టిగా తగిలింది: ‘‘అమ్మ పచ్చళ్ళతో నడిచిన చదువు అమ్మకే పనికి రాలేదు. ఇంక చాలు, ఉద్యోగం చూసుకో.’’

థీసిస్, వ్యాసాలు, వంటిల్లు మూడూ మూడు వైపులా లాగుతున్నాయి, ఏది వదలాలి అని అడిగారు.

*

ఏది వదలాలన్న ప్రశ్నకి తర్వాత వద్దాం. ముందు అమ్మగారి మాట.

‘చూసి వెయ్యి’ అన్నప్పుడు ఆవిడ మీ ప్రశ్నని దాటెయ్యడం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నారు. ఒక చెట్టు కాయకీ ఇంకో చెట్టు కాయకీ పులుపు తేడా. ఈసారి కొన్న మిరపకాయల ఘాటు కిందటేడు వాటికి ఉండదు. ముక్క ఎంత నీరు వదులుతుందో కోసి, గుడ్డతో తుడిచి, ఆవపిండిలో దొర్లించేదాకా ఎవరికీ తెలియదు. అన్నిటికీ కలిపి ఒకే అంకె చెబితే అది అబద్ధమే అవుతుంది. ఇన్నేళ్ళు పచ్చడి అమ్మిన మనిషి ఆ అబద్ధం చెప్పరు.

బ్రిటిష్ తత్వవేత్త గిల్బర్ట్ రైల్ 1949 పుస్తకంలో ఈ విషయం మీద చేసిన వాదన మీకు తెలిసే ఉంటుంది. వంటవాడు ముందు వంట సూత్రాన్ని మనసులో చదువుకుని, తర్వాత వండుతాడని మనం ఊహించుకుంటాం. ఆ చదువుకోవడం కూడా ఒక పనే కదా, దాన్ని సరిగ్గా చెయ్యడానికి ఇంకో సూత్రం కావాలి, దానికి మరొకటి. అలా పోతే పొయ్యి వెలగదు. రసాయన శాస్త్రం వదిలి తత్వశాస్త్రంలోకి వచ్చిన మైకేల్ పొలాన్యీ కూడా, మనం చెప్పగలిగినదానికన్నా మనకి తెలిసింది ఎక్కువ అని సైకిల్ తొక్కడాన్ని ఉదాహరణగా చూపించాడు. మీరు ఇవన్నీ చదివి ఉండీ, అమ్మ ‘చెప్పలేకపోతోంది’ అని రాశారు. తెలిసి ఉంటే చెప్పగలగాలి అన్న నమ్మకం మీలో ఇంకా గట్టిగానే ఉంది. అమ్మగారిలోనూ ఉంది, అందుకే చెప్పలేకపోయేసరికి తనకి తెలియడం లేదనుకున్నారు.

కానీ ఆవిడ ‘అది కాదు’ అన్నారు. తెలియని మనిషి ఆ మాట అనగలదా? మీరు కలిపినదాన్ని చూసి, అది కావలసినట్టు లేదని పట్టుకున్నారంటే, ఎలా ఉండాలన్నది ఆవిడలో ఉంది. చేత్తో కలుపుతున్నప్పుడు ఆ ఎరుక వేళ్ళలోంచి బయటికి వచ్చేది. ఇప్పుడు కంట్లోంచి, ముక్కులోంచి, నాలుక మీంచి వస్తోంది. దారి మూసుకుపోవడం ఒకటి, సరుకు పోవడం ఇంకొకటి. ఈ సంగతి మీరు ఆవిడకి చెప్పాలి. ఊరికే ఓదార్పుగా అంటే నమ్మరు. పని చేస్తూ చూపించాలి.

అందుకని ‘ఎంత’ అని అడగడం మానండి. అరకేజీ ముక్కలు రెండు గిన్నెల్లో విడివిడిగా తీసుకోండి. రెండిట్లోనూ కారం, ఆవపిండి, నూనె ఒకటే కొలత. ఉప్పు మాత్రం ఒకదాంట్లో కాస్త ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. వేసే ముందు ప్రతిదీ తూచి కాగితం మీద రాసుకోండి. కలిపి రెండూ అమ్మగారి ముందు పెట్టి, ఏది దగ్గరగా ఉందని మాత్రం అడగండి. ఆవిడ ఒకదాన్ని చూపిస్తారు. మర్నాడు ఆ గిన్నె కొలత నుంచి మొదలుపెట్టి ఆవపిండి మార్చండి. ఏం తేడా ఉందో మాటల్లో పెట్టలేని చెయ్యితిరిగిన మనిషి కూడా, రెండిట్లో ఏది మేలో చూపించగలదు. మొదటిరోజు తీర్పుతో ఆగకండి. మూడోరోజు తిరగకలిపేటప్పుడు నూనె ఎంత తేలిందో, ఊట ఎలా ఉందో ఆవిడ చేత మళ్ళీ చూపించండి. మొదటిరోజు ఉప్పెక్కువ అనిపించింది ముక్క ఊరాక సరిపోవడం ఆవిడకి బాగా తెలుసు, మీకే తెలియాలి. ఒక్క జాగ్రత్త: పక్షవాతం తర్వాత ఉప్పు విషయంలో డాక్టరు చెప్పిన హద్దు ఉంటుంది కాబట్టి నాలుక చివర అంటించి చూడడమే, అంతకు మించి వద్దు. ఎడమ చేత్తో కలిపిస్తే ఎలా ఉంటుందన్నది ఫిజియోథెరపిస్టుని అడిగాకే.

ఇలా చేస్తే అంకెలు మీకు వస్తాయి, అవి కావాలి కూడా. తత్వవేత్త హ్యూబర్ట్ డ్రైఫస్, ఆయన తమ్ముడు స్టూవర్ట్ కలిసి 1980లో బర్క్‌లీలో ఒక నివేదిక రాశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నియమాలే ఆధారమనీ, పని బాగా వచ్చేకొద్దీ వాటిని వదిలేసి, పరిస్థితిని చూడగానే ఏం చెయ్యాలో పట్టుకుంటారనీ వాళ్ళన్నారు. మీరు మొదటి మెట్టు మీద, అమ్మగారు చివరి మెట్టు మీద. మీ ఇద్దరి మధ్య కన్నీళ్ళకి కారణం చాలావరకు ఈ దూరమే. దీంట్లో ఎవరి తప్పూ లేదు.

ఇప్పుడు మీ థీసిస్‌కి వస్తాను. ఇక్కడ కాస్త నిలబడాలనుంది, ఎందుకంటే మీరు మూడు తగవులనుకుంటున్నవి నాకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి.

ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ చెప్పిన రాకుమారుడి ఉదాహరణ మీ పనిలో తప్పకుండా ఉంటుంది. ఒక రాకుమారుడి చైతన్యం, అతని గత జీవితపు జ్ఞాపకాలన్నిటితో సహా, చెప్పులు కుట్టే మనిషి దేహంలోకి వస్తే ఆ వచ్చినవాడు ఎవరు? జ్ఞాపకాలు రాకుమారుడివి కాబట్టి వ్యక్తి రాకుమారుడే అన్నాడు లాక్. ఆయన అది అచ్చువేసిన 1694 నుంచి ఈ వాదన మీద చర్చ ఆగలేదు. మీ ఉత్తరం చదువుతుంటే నాకొక ప్రశ్న వచ్చింది. ఆ మర్నాడు పొద్దున అతని చేతికి ఆరె, తోలు ఇస్తే ఏమవుతుంది? అతనికి కుట్టిన జ్ఞాపకం లేదు. ఏళ్ళ తరబడి కుట్టిన వేళ్ళు మాత్రం ఉన్నాయి. కుట్టగలడా? గుర్రమెక్కి స్వారీ చేసిన జ్ఞాపకం ఉంది, ఎన్నడూ గుర్రమెక్కని తొడలున్నాయి. ఎక్కగలడా? జ్ఞాపకం ఒక పక్కా దేహం ఒక పక్కా పెట్టి తూచడం మొదలుపెడితే, నేర్పు ఏ పక్కకి వస్తుందో తేలడం లేదు.

ఇది ఊహల్లో మిగిలిపోయిన ప్రశ్న కూడా కాదు. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛ తగ్గడానికని 1953లో మెదడుకి ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత ఆయనకి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపే పని ఆయనకి మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ ఇచ్చారు. రోజురోజుకీ చెయ్యి మెరుగయింది. ఆ పని అంతకు ముందు చేసినట్టు మాత్రం ఆయనకి గుర్తు లేదు. ఆయన విషయంలో నేర్పు చేతికి చేరింది, జ్ఞాపకం చేరలేదు. మీ అమ్మగారిది దీనికి తిరగేసిన సంగతి. జ్ఞాపకమంతా ఉంది, చెయ్యి కదలడం లేదు.

మీ మాయా శశిరేఖకి వద్దాం. 1957లో వచ్చిన ఆ సినిమాలో అక్కడున్న పాత్రలకి కనిపించేది శశిరేఖ రూపం. హాల్లో కూర్చున్న మనకి మాత్రం అది ఘటోత్కచుడేనని ఒక్క క్షణం కూడా అనుమానం రాదు. కథ ముందే తెలియడం వల్లనే కాదు. సావిత్రి గారి నడకలో, చూపులో, చెయ్యి విసరడంలో ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు ఉన్నాడు. రూపం శశిరేఖది, తీరు ఘటోత్కచుడిది, మనం తీరుని బట్టే గుర్తుపట్టాం. మీ వ్యాసం దీన్ని ‘దేహమా, మనసా’ అన్న పాత చట్రంలో పెట్టిందని మీ మాటల్ని బట్టి అర్థమైంది. ఆ చట్రంలో పట్టనిదే ఆ దృశ్యంలో అసలు విశేషం అని నాకనిపిస్తోంది.

శంకరుల పరకాయ ప్రవేశం కథలోనూ ఇదే ఉంది. మండన మిశ్రుడి భార్య ఉభయభారతి కామశాస్త్రం మీద అడిగిన ప్రశ్నలకి సన్యాసి అయిన శంకరుల దగ్గర జవాబు లేకపోయింది. గడువు అడిగి, చనిపోయిన అమరుక మహారాజు దేహంలో ప్రవేశించారని మాధవీయ శంకర విజయం చెబుతుంది. రాజు లేచి కూర్చున్నాడు, రూపం అదే. నడవడి చూసి మంత్రులకి అనుమానం వచ్చింది. ఎవరో యోగి ఈ దేహంలోకి వచ్చాడని పోల్చుకున్నారు. ఆ కథ పెట్టిన చిక్కు ఎంత లోతైనదో చూడండి. అద్వైతాన్ని నిలబెట్టడానికి దేశం తిరిగిన మనిషికి, అనుభవంతో తప్ప రాని తెలివి ఒకటి తక్కువైంది. దాన్ని సంపాదించడానికి దేహం కావలసి వచ్చింది.

మీ గైడ్‌గారి మాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హరికథల్లో, వీరబ్రహ్మంగారి తత్వాల్లో, వేమన పద్యాల్లో మెటాఫిజిక్స్ నడిచిన నేల మనది. వినేవాళ్ళు రైతులు, నేతవాళ్ళు, కంసాలులు. జనంలోకి వెళితే పలచబడుతుందన్న భయం ఆ పరంపరకి ఎప్పుడూ లేదు. పడమటి వైపు చూసినా, హార్వర్డ్‌లో తత్వశాస్త్ర పాఠం చెప్పిన స్టాన్లీ కవెల్ 1930, 40ల హాలీవుడ్ హాస్య చిత్రాల మీద 1981లో ఒక పూర్తి పుస్తకం రాశాడు. క్లాసు అయిపోగానే తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ సినిమాకి పరిగెత్తి ముందు వరసలో కూర్చునేవాడని ఆయన శిష్యుడు నార్మన్ మాల్కమ్ రాశాడు. ఇవన్నీ గైడ్‌తో వాదనకి పనికొస్తాయి. అయినా ఆయన మాటలో ఒక నిజం ఉంది, అదీ వినండి. సినిమాని ఉదాహరణగా వాడి, ముందే తెలిసిన సిద్ధాంతాన్ని దానికి తగిలించడం తేలిక. చదివేవాళ్ళకి ఇష్టమైన సినిమా కాబట్టి మెచ్చుకోళ్ళు కూడా తేలిగ్గా వస్తాయి. సిద్ధాంతం పట్టుకోలేకపోయినదాన్ని సినిమా చూపించినప్పుడే ఆ వ్యాసానికి థీసిస్ పక్కన కూర్చునే అర్హత. ‘వేరేవాళ్ళున్నారు’ అన్న మాట బాధపెట్టేదే, కానీ ఆయన భయం దీని గురించే అయి ఉండొచ్చు.

మీ ముందున్న దారులు ఇప్పుడు చూద్దాం.

థీసిస్‌ని ఉన్నదున్నట్టు పూర్తి చెయ్యడం ఒకటి. వ్యాసాలు కొన్నాళ్ళు ఆపి, లాక్ దగ్గర మొదలుపెట్టి ఇరవయ్యో శతాబ్దపు తత్వవేత్త డెరెక్ పార్‌ఫిట్ దాకా మీరు వేసుకున్న ప్రణాళికనే ముగించడం. త్వరగా తేలుతుంది, గైడ్‌తో తగవు ఉండదు, డిగ్రీ చేతికొచ్చాక ఏం రాసుకున్నా అడిగేవాళ్ళుండరు. నష్టం మీ ఉత్తరంలోనే ఉంది. ఇంట్లో కళ్ళముందు నడుస్తున్న ప్రశ్నని పక్కన పెట్టి, అదే ప్రశ్న గురించి రోజూ రాయాలి. కొందరు అది చెయ్యగలరు, దాంతో వాళ్ళకి ఊరట కూడా దొరుకుతుంది. మీ అక్షరాల్లో నాకు ఆ ఊరట కనిపించలేదు.

రెండోది, నేర్పుకీ వ్యక్తి గుర్తింపుకీ ఉన్న సంబంధం మీద ఒక అధ్యాయం చేర్చడం. రైల్ మాటే చివరి మాట కాదు. పని చెయ్యడం తెలియడం కూడా చివరికి ఒక విషయం తెలిసి ఉండడమేనని జేసన్ స్టాన్లీ, తిమోతీ విలియమ్సన్ అనే తత్వవేత్తలు 2001లో ఎదురు వాదించారు, ఆ చర్చ ఇంకా వేడిగానే ఉంది. కాబట్టి పరీక్షకులు దీన్ని వంటింటి కబుర్లని కొట్టెయ్యలేరు. కానీ మరో ఏడాది పట్టొచ్చు, డాక్టరల్ కమిటీని ఒప్పించాలి. దీనికన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. నేర్పే మనిషి అన్న సిద్ధాంతం వైపు మీరు వెళితే, చెయ్యి పడిపోయిన అమ్మ సగం అమ్మే అన్న చోటికి చేరతారు. ఆవిడ భయపడుతున్నది సరిగ్గా దానికే. ‘అది కాదు’ అన్న తీర్పు ఇంకా ఆవిడదే అన్న సంగతిని మీ సిద్ధాంతం భరించగలగాలి. లేకపోతే సిద్ధాంతాన్నే మార్చుకోవాలి. ఇంకో మాట: ఆవిడ అనుమతి లేకుండా ఆవిడ్ని అధ్యాయంలోకి ఎక్కించకండి. అడగండి, వద్దంటే మొలైసన్ చాలు.

మూడోది మీ అన్నయ్య చెప్పింది, చదువు ఆపెయ్యడం. అది ఓటమి అని నేననను. పచ్చళ్ళ పని నిలబెట్టుకోవడం, దానికి ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ వగైరా మీ పేరు మీద తీసుకోవడం, పక్కన తెలుగులో రాసుకోవడం, ఇది కూడా నిండైన బతుకే. అయితే ఇప్పుడు ఆపితే ఆపించేది అలసట. అమ్మకి జబ్బు చేసిన ఏడాదిలో తీసుకున్న అలాంటి నిర్ణయాన్ని తర్వాత తిరగ్గొట్టడం కష్టం.

నన్నడిగితే నా మొగ్గు రెండోదాని వైపు. మీరు మాత్రం మీ ఓపికని, డబ్బుని లెక్క చూసుకుని నిర్ణయించుకోండి.

‘అమ్మకే పనికి రాలేదు’ అన్న మాట మిమ్మల్ని చాలా గుచ్చినట్టుంది. మీ చదువులో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ఎంత ముఖ్యుడో మీకు చెప్పక్కర్లేదు. లోపలికి చూసుకుంటే ‘నేను’ అనేది ఎక్కడా దొరకడం లేదు, అనుభవాల మూట తప్ప అని 1739లో రాసిన మనిషి. ఆ ఆలోచనల్లో చీకటి కమ్మినప్పుడు తనని గట్టెక్కించింది తర్కం కాదనీ, భోజనం, స్నేహితులతో పాచికలాట అనీ ఆ పుస్తకంలోనే రాశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత, 1769లో, ఎడిన్‌బరో నుంచి స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, మిగిలిన జీవితం వంట మీదే పెడతానన్నాడు. ఒక సూప్ తయారీ విధానాన్ని తన చేత్తో రాసుకుని బల్ల మీద పెట్టుకున్నానని, తను కాచిన గొర్రె తలకాయ చారు గురించి ఒకాయన ఎనిమిది రోజులు చెప్పుకున్నాడని సంతోషంగా రాశాడు. తత్వం వంటింట్లో పనికొచ్చిందా అని ఆయన లెక్క చూసుకోలేదు. మీరూ చూసుకోనక్కర్లేదు. ఆవకాయ కుదరకపోతే కారణం మీరు పార్‌ఫిట్‌ని చదవడం కాదు, ఇదే మొదటిసారి కలపడం. అమ్మగారికి కూడా సిద్ధాంతంతో ఓదార్పు అక్కర్లేదు, ఈ ఏటి పచ్చడి కుదిరితే చాలు.

అన్నయ్య దగ్గర మాత్రం తత్వం మాట్లాడకండి, లెక్కలు మాట్లాడండి. మీది జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) అయితే, దాని తర్వాతి దశ సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్)తో కలిపి అయిదేళ్ళకి మించి ఫెలోషిప్ రాదు, అంటే త్వరలో ఆగిపోతుంది. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్ళు, మహిళలకి ఆపైన మరో రెండేళ్ళ సడలింపు ఉంది. మీరు చేరిన ఏడాదికి మీ యూనివర్సిటీ ఏ నిబంధన వర్తింపజేస్తుందో అకడమిక్ సెక్షన్‌ని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. ఈ వేసవికి పాతవాళ్ళ ఆర్డర్లలో సగమే ఒప్పుకోండి, అమ్మకి బాగోలేదని, ఈసారి చెయ్యి మారిందని వాళ్ళకి ముందే చెప్పండి. ఎంత వస్తుందో, అమ్మ మందులకి, ఫిజియోథెరపీకి ఎంత పోతుందో రాసి, మిగిలే లోటులో మీ వంతు ఎంత, అన్నయ్య వంతు ఎంత అన్నది ఆయన ఈసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మ ముందే కూర్చుని తేల్చుకోండి. గైడ్‌కి ఆ కొత్త అధ్యాయం గురించి రాయడం ఆ తర్వాత. రెండు పేజీలు చాలు, అందులో మాయాబజార్ పేరు ఉండాలి, దాచొద్దు.